మీ అన్నయ్య గదిలో అయిదు స్పీకర్లు

జూన్ 4

ఫోను ఠక్కున పెట్టేసిన మరిదికి వదిన రాస్తున్నది.

"ఈ విషయం మీద మీతో ఇక ఫోన్లో మాట్లాడను" అన్నావు. మంచిది. ఉత్తరాన్ని మధ్యలో ఆపి అరవడం ఎవరివల్లా కాదు, నాకు అదే నయం. తూనికలు కొలతల శాఖలో అన్నేళ్లు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వెలగబెట్టావు. దొంగ రాళ్లు పెట్టిన కొట్టువాడు చెప్పేది కూడా ఆసాంతం విన్నాకే కేసు రాసేవాడివట. వదిన చెప్పేది మాత్రం సగం కూడా వినలేదు. అందుకని మొదటినుంచీ చెబుతున్నాను, తీరిగ్గా చదువుకో.

నేను హోమ్ థియేటర్ కొంటున్నాను. ఇల్లదిరిపోయే రకం కాదు, చిన్న గదికి సరిపడేది. దాన్ని మీ అన్నయ్య పడుకునే గదిలో పెడుతున్నాను. నువ్వు ఒంటికాలి మీద లేచింది ఈ రెండో మాటకేనని నాకు తెలుసు.

ఆ గది సంగతి నీకు సగమే తెలుసు. మీ అన్నయ్య రాత్రంతా ప్రెస్సులో మెషీన్ దగ్గర నిలబడి, పేపర్ల కట్టలు వ్యానెక్కించి, జనం నిద్రలేచే వేళకు ఇంటికొచ్చి పడుకునేవారు. మన ఇంట్లో పగలే రాత్రి. మీ నాన్నగారు పోయాక నువ్వు మా దగ్గరున్న రెండేళ్లలో, స్కూలు నుంచి వచ్చి సంచి ధబీమని పడేసినప్పుడల్లా నీ చెవి మెలేశాను, గుర్తుందా? నువ్వు హాస్టలుకు వెళ్లిపోయాక నేనింకా ముదిరాను. కాలింగ్‌బెల్ తీసేయించాను. కుర్చీల కాళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాను. మిక్సీని డాబా మీదికి మోసుకెళ్లి తిప్పుకొచ్చేదాన్ని. అమ్మాయి పసిపిల్లగా ఏడుపు అందుకుంటే ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచేదాన్ని. ఆయన గది గోడలకు బొంతలు కొట్టాను, ఒకటి తర్వాత ఒకటి, ఆఖరికి తలుపుక్కూడా. టీవీ కొన్నాక సౌండు సున్నాలో పెట్టి బొమ్మ మాత్రం చూశాం. కుక్కర్ బుసబుసమనగానే పరిగెత్తి, విజిల్‌ని గరిటెతో కాస్త పైకెత్తి ఆవిరి వదిలేదాన్ని. ఈ ఇంట్లో కుక్కర్ కూత వేయడం అమ్మాయి ఎప్పుడూ వినలేదు. పెళ్లయి వెళ్లాక అత్తగారింట్లో మొదటిసారి విని జడుసుకుందట.

ఆయన పోయి పది నెలలైంది. ఇంట్లో పగలు నిద్రపోయేవాళ్లెవరూ లేరు. అయినా మొన్న కుక్కర్ బుసకొట్టగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తాను. గరిటెతో విజిల్ పైకెత్తాను. అలాగే నిలబడి, ఎవరి కోసం ఎత్తానా అని ఆలోచించేసరికి నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ మంటమీదే నీకు ఫోన్ చేశాను.

ఎలాంటిది కొంటే బాగుంటుందని సలహా అడగడానికి చేశాను. కొనొచ్చా అని అడగడానికి చేయలేదు. ఈ తేడా నువ్వు గమనించాలి.

మీ ఆవిడ, అదే మా చెల్లి, మోకాలు ఎలా ఉంది?

ఇట్లు,
చప్పుడు చేయబోతున్న మీ వదిన


జూన్ 11

వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం ఆసాంతం చదివాను. మీరు వెక్కిరించినంత మాత్రాన నా మాట మారదు.

అన్నయ్య పోయి ఏడాది కూడా తిరగలేదు. నాన్న తర్వాత నాకు నాన్న ఆయనే. నేను ఆఫీసులో ఫ్యాను కింద కుర్చీ వేసుకుని కూర్చోగలిగానంటే, ఆయన రాత్రుళ్లు మెషీన్ దగ్గర నిలబడబట్టే. ఆ మనిషి బతుకులో సుఖపడ్డ చోటు ఏదైనా ఉందంటే ఆ గది ఒక్కటే. మీరే ఆయనకు అది అమర్చిపెట్టారు. ఇప్పుడు మీరే దాన్ని సినిమా హాలు చేస్తానంటే నా మనసు ఒప్పడం లేదు. నేనెప్పుడు వచ్చినా ఆ గది తలుపు తీసి ఒక్క నిమిషం నిలబడతాను. నాకు అన్నయ్య ఇంకా ఉన్నది అక్కడే.

ఇంకో సంగతి, కోప్పడకండి. ఈ మధ్య ఎప్పుడు ఫోన్ చేసినా మీ వెనక టీవీ హోరెత్తిపోతోందని అమ్మాయి చెప్పింది. నాకు అప్పుడే అర్థమైంది. ఈ వయసులో వినికిడి తగ్గడం సిగ్గుపడాల్సిన విషయమేం కాదు. కొట్లో త్రాసుకే ఎప్పటికప్పుడు పరీక్ష చేసి ముద్ర వేసేవాళ్లం, మనిషి చెవికి ఎందుకు చేయించకూడదు? అమ్మాయి అక్కడ మంచి చెవి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. తప్పకుండా వెళ్లండి. నేను మేలురకం హెడ్‌ఫోన్లు చూసి పార్శిల్ చేస్తున్నాను. చెవులకు తగిలించుకుని ఎంత సౌండు కావాలంటే అంత పెట్టుకోండి. ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండదు, గదిని కదపక్కర్లేదు.

మీ చెల్లి మోకాలు అలాగే ఉంది. మేడ మెట్లెక్కమంటే నొప్పి, పక్కింటికి కబుర్లకు వెళ్లేటప్పుడు ఉండదు.

మీ మరిది


జూన్ 19

చెవిటి వదిన నుంచి వైద్యుడైపోయిన మరిదికి.

వెళ్లాను నాయనా నీ డాక్టరు దగ్గరికి. నన్ను ఒక అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. కాసేపటికి ఆయనే లేచి మెషీన్ పాడైందేమోనని వైర్లు కదిపి చూసుకున్నాడు. "ఇంత సన్నటి చప్పుడు నాకే వినపడదమ్మా, మీరేం పని చేసేవారు?" అన్నాడు. నిద్రపోయే మనిషికి కాపలా కాసేదాన్నని చెప్పాను. చప్పుడు పుట్టకముందే వినాల్సిన ఉద్యోగం కదా నాది.

హెడ్‌ఫోన్లు తిప్పి పంపుతున్నాను. చెల్లికివ్వు, నీ ఉపన్యాసాలప్పుడు పనికొస్తాయి. బయటికి వినపడకుండా బతకడం నాకు నేర్పుతావా నువ్వు? ఆ విద్యలో నాకు పట్టా ఇవ్వొచ్చు. ఇప్పుడు నాకు కావలసింది బయటికి వినపడటం.

సరే, కొట్టు సంగతి విను. టీవీల షాపులో సౌండు సామాన్ల దగ్గర ఒక అమ్మాయి ఉంది. నన్ను చూడగానే, "మనవళ్ల కోసమా ఆంటీ?" అంది. "నా కోసం" అన్నాను. పాపం కాస్త తడబడింది, కానీ తేరుకుని శ్రద్ధగానే చూపించింది. మొదట మనిషెత్తు స్తంభాల్లాంటివి రెండు వినిపించింది. అవి గదిలో పెడితే నేను వరండాలో కూర్చోవాలి. తర్వాత సౌండ్‌బార్ అని ఒకటి, టీవీ కింద పెట్టే పొడుగాటి కడ్డీ. వైర్లు తక్కువ, చోటు తక్కువ, ఇప్పుడందరూ అదే కొంటున్నారట.

నేను పరీక్షకు నా సినిమా పట్టుకెళ్లాను, పెన్‌డ్రైవ్‌లో. పాత సినిమా. మన అమ్మాయి చిన్నప్పుడు మధ్యాహ్నాలు టీవీలో ఎన్నిసార్లు వేశాడో లెక్కలేదు, అన్నిసార్లూ మూగగానే చూశాం. "అమ్మా, వాళ్లేమంటున్నారు?" అని అది నా చెవిలో గుసగుసగా అడిగేది. నేను దాని చెవిలో గుసగుసగా చెప్పేదాన్ని. నాకేం తెలుసు, తోచింది కల్పించేదాన్ని. అందులో ఒక సీను ఉంది. భార్య అన్నం పళ్లెం తీసి నేలకేసి కొడుతుంది. తర్వాత మొగుడి కళ్లల్లోకి చూస్తూ ఏదో అంటుంది. "నీ ఇల్లు నువ్వే చూసుకో, నేను పోతున్నా" అందని అమ్మాయికి చెప్పేదాన్ని. ఆ పళ్లెం చప్పుడు ఎలా ఉంటుందా అని మాత్రం ఎప్పుడూ అనుకునేదాన్ని. నేనెన్నడూ పళ్లెం గట్టిగా కింద పెట్టి ఎరగను కదా.

షాపులో ఆ కడ్డీ మీద పళ్లెం సీను పెట్టించాను. బాగానే మోగింది. తీరా ఇంటికి తెచ్చి, ఆయన గదిలో పెట్టి చూస్తే, పళ్లెం కాదు, అట్టముక్క పడ్డట్టు చప్పుడొచ్చింది. ఫోన్ చేసి చెబితే షాపు అమ్మాయి తానే ఇంటికొచ్చింది. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టింది. చప్పట్లు చేతుల దగ్గరే చచ్చిపోయాయి. "ఈ గదికి సౌండ్‌ప్రూఫింగ్ ఎవరు చేశారాంటీ?" అంది నోరు తెరిచి. నేనే, సుత్తితో, అన్నాను. ఆ కడ్డీ ఉందే, అది చప్పుడును గోడలకు కొట్టి, అవి తిప్పి పంపితే చుట్టూ ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుందట. నా బొంతలు దేన్నీ తిప్పి పంపవు, మింగేస్తాయి. ఈ గదికి భ్రమలు పనికిరావంది. ముందు మూడు, వెనక రెండు, నిజంగా అయిదు చోట్ల అయిదు చిన్న పెట్టెలు పెట్టాలి, మూలన బరువు చప్పుళ్లకు ఇంకో పెట్టె ఉండాలి. గది చిన్నది కాబట్టి పిడికిలంత పెట్టెలే చాలు, కానీ కూర్చున్న మనిషి చెవి ఎత్తున ఉండాలంది. పైగా ఇంత మంచి గది తన సర్వీసులో చూడలేదంది. చప్పుడు లోపలికి రానివ్వని గది బయటికి కూడా పోనివ్వదు కదా.

చూశావా మరిదీ, నేను కట్టింది సినిమా హాలేనట. నలభయ్యేళ్లు ఆటలు వేయకుండా తాళం పెట్టాను, అంతే.

కింది వాటా ట్యూషన్ మాస్టారు మాత్రం మొహం మాడ్చుకున్నారు. ఆ బరువు పెట్టె కింద కూడా సైకిల్ ట్యూబు ముక్కలు పరుస్తానని మాటిచ్చాను.

ఇట్లు,
వినపడుతున్న వదిన


జూన్ 27

వదినగారికి,

అమ్మాయి ఆదివారం మీ దగ్గరికి వచ్చి వెళ్లిందట. అన్నయ్య మంచం వరండాలో నిలబెట్టి ఉన్న ఫోటో పంపింది. దాని మీద తడి తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. చూసి నాకు అన్నం సహించలేదు.

అది మామూలు మంచం కాదని మీకు తెలియకపోవచ్చు. మీరు కాపురానికి వచ్చేసరికే నాన్న పోవడం, మరమగ్గాలు అమ్మేయడం అన్నీ అయిపోయాయి. ఆ మగ్గాల షెడ్డులోంచి అన్నయ్య తెచ్చుకున్నది ఆ మంచం ఒక్కటే. నాన్న మగ్గాల మధ్య వేసుకుని పడుకున్న మంచం. అది ఇప్పుడు తువ్వాళ్లు ఆరేసే దండెమైంది.

ఆయన నిద్రను మీరు తేలిగ్గా తీసేస్తున్నారు. ఆ మనిషి ఎంత అలిసిపోయేవాడో నేను కళ్లారా చూశాను. మా ఇంటి ఎదురుగా రంపపు మిల్లు ఉంది కదా, తెల్లారింది మొదలు దుంగలు కోస్తూనే ఉంటుంది, గోడలు వణుకుతాయి. అన్నయ్య ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పి, ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయేవాడు. భోజనానికి లేపినా లేచేవాడు కాదు. అంత హోరులో మొద్దులా నిద్రపోయాడంటే ఎంత అలసట పేరుకుపోయి ఉండాలి! అలాంటి మనిషికి మీరు ప్రశాంతంగా కన్ను మూసుకునే చోటు ఇచ్చారు. మీ చేతుల్తో మీరే దాన్ని పాడుచేయకండి.

నేను వచ్చేదాకా ఆ గదిలో ఇంకేమీ ముట్టుకోవద్దు. ఆయన తమ్ముడిగా అడుగుతున్నాను.

మీ మరిది

హెడ్‌ఫోన్లు అందాయి. మీ చెల్లి నిజంగానే తీసుకుంది. పిలిస్తే పలకడం లేదు.


జూలై 2

మరిదికి,

మంచం గురించి నువ్వు రాసిందానికి తర్వాత జవాబు చెబుతాను. ఒక్క సంగతి అడుగుతున్నాను, వాదించకుండా చెప్పు.

మీ ఇంట్లో ఆయన నిజంగా నిద్రపోయేవారా? గురక పెట్టేవారా? మిల్లు ఆగిన రోజు ఎలా ఉండేవారు? చెల్లిని కూడా అడుగు, నీకంటే తనకు బాగా గుర్తుంటుంది. హెడ్‌ఫోన్లు తీయించి అడుగు.

వదిన


జూలై 8

వదినగారికి,

మీ ఉత్తరం చూసి కంగారుపడ్డాను. అన్నయ్యకు ఏదో జబ్బుండి, అది మాకు తెలిసి మీ దగ్గర దాచామని అనుమానపడుతున్నారా? అలాంటిదేమీ లేదు. మీ మీద ఒట్టు.

అడిగారు కాబట్టి చెబుతున్నాను. గురక పెట్టేవాడు. రంపం ఒక దుంగ మీద, ఈయన ఒక దుంగ మీద అని మీ చెల్లి నవ్వేది. మిల్లుకు సెలవు రోజున మాత్రం ఆయనకు మా ఇల్లు పడేది కాదు. పడుకున్నట్టే పడుకుని లేచి కూర్చునేవాడు. వరండాలో పచార్లు చేసేవాడు. ఒకసారి మధ్యాహ్నం కరెంటు పోయి మిల్లు ఆగితే, గాఢనిద్రలో ఉన్నవాడు ఉలిక్కిపడి లేచి "ఏది ఆగింది?" అన్నాడు. మేమంతా నవ్వాం.

అది మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే. చిన్నప్పుడు షెడ్డు ఒక గోడ అవతల ఉండేది. రాత్రంతా మగ్గాలు టకటకలాడుతుంటే ఆ ఊపులోనే నిద్రపోయేవాళ్లం. ఏ మగ్గమైనా ఆగిందంటే అందరం లేచి కూర్చునేవాళ్లం. ఆగిందంటే ఏదో విరిగినట్టు, ఆ వారం పని చెడినట్టు. నాన్న పోయిన రాత్రి కూడా మాకు తెలిసింది అలాగే, ఎవరూ చెప్పలేదు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మీ దగ్గరున్న రెండేళ్లూ నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. కొత్త చోటు కదా అనుకున్నాను. సరే, ఈ పాత కబుర్లతో మీకేం పని? గది విషయం చెప్పండి.

మీ మరిది


జూలై 13

ఏమీ తెలియని మరిదికి,

ఏం పని అంటావా? కూర్చుని చదువు. నిలబడి చదవకు.

మా పెళ్లయిన కొత్తల్లో ఆయన లేవగానే, "నిద్ర పట్టిందా?" అని అడిగేదాన్ని. "లేదు" అనేవారు. మర్నాడు వీధి తలుపు గడియకు గుడ్డ చుట్టేదాన్ని. మళ్లీ అడిగేదాన్ని. "ప్చ్, పట్టలేదు." కాలింగ్‌బెల్ పోయింది. "పట్టలేదు." ఒక గోడకు బొంత. "పట్టలేదు." రెండో గోడకు. ఆయన పట్టలేదన్న కొద్దీ నేను ఇల్లు ఇంకాస్త నొక్కాను. నా చప్పుడు ఇంకా ఎక్కడో మిగిలే ఉందని, అదే ఆయన్ను లేపుతోందని నా మీద నేనే పోలీసు కాపలా పెట్టుకున్నాను. ఆఖరి బొంత తలుపుకు కొడుతుంటే సుత్తి జారి బొటనవేలి గోరు ఊడొచ్చింది. ఆయనే ఆ వేలికి గుడ్డ చుట్టారు. మర్నాడు లేవగానే నేను అడగకముందే, "హాయిగా పట్టింది" అన్నారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ పట్టలేదని అనలేదు.

నేను గెలిచాననుకున్నాను మరిదీ. ఇన్నేళ్లూ ఆ బొంతే గెలిపించిందనుకున్నాను.

ఆయన రాత్రంతా మెషీన్ల హోరులో నిలబడి, పగలంతా ఆ చీకటి గదిలో కళ్లు తెరుచుకుని, ఏది ఆగిందా అని వింటూ పడుకున్నారన్నమాట. నేను తలుపు ఇవతల ఊపిరి బిగబట్టుకుని, ఆయన నిద్రపోతున్నారని కాపలా కాశాను. ఇద్దరం ఒకరి కోసం ఒకరం నలభయ్యేళ్లు మేలుకున్నాం. ఎవరి కోసమయ్యా ఈ త్యాగం? ఎవరు బాగుపడ్డారు?

నన్ను ఓదార్చాలని చూడకు. నేను తప్పు చేశానంటే ఒప్పుకోను. అడిగాను, రోజూ అడిగాను. ఇంతకంటే ఎలా అడుగుతారు? "నాకు చప్పుడు కావాలే, ఆ కుక్కర్ కూయనివ్వు" అని ఒక్క మాట అంటే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా? ఆయన మీద కోపం ముంచుకొస్తోంది. ఎదురుగా లేరు కాబట్టి నువ్వు పడు. రెండు రోజులు ఏడ్చాను కూడా, ఆ సంగతీ చెబుతున్నాను. గట్టిగానే ఏడ్చాను. కింది మాస్టారు పైకొచ్చి, "స్పీకర్లు వచ్చాయా?" అని అడిగారు.

ఇక నీ మంచం సంగతి. అయిదు పెట్టెలు కొనేశాను. ఒకటి టీవీ కింద కూర్చుంది. మిగతా నాలుగింటికీ చెవి ఎత్తున స్టాండ్లు కావాలి. షాపులోవి ఇనుపవి, గట్టి సౌండుకు జివ్వుమంటాయి. బరువైన చెక్క కావాలని షాపు అమ్మాయి అంది. మీ నాన్నగారి మంచానికి ఉన్నవి నాలుగు కోళ్లు, పాతకాలపు టేకు. వడ్రంగిని పిలిచి కోయించాను. ఒక్కో కోడుకు కింద ఎత్తు పీట, పైన పలక వేశాడు. దిమ్మల్లా నిలబడ్డాయి. నువ్వు కళ్లెర్రజేస్తావని తెలుసు, చెయ్. మగ్గాల మధ్య పెరిగిన మంచాన్ని నేనే తెలియక మూగ గదిలో పడేశాను. ఇప్పుడు దాన్ని చప్పుట్లోకి తిరిగి పంపించాను.

బొంతలన్నీ పీకేద్దామనే కూర్చున్నాను. అన్నీ పీకితే గది ఖాళీ బిందెలా మోగుతుందని షాపు అమ్మాయి ఆపింది. తలుపుకు కొట్టిందాన్ని మాత్రం పీకేశాను. అది ఉండటానికి వీల్లేదు.

నేను ఆటలు వేసేది పట్టపగలే. ఆయన పడుకునే వేళకే. ఎవరొచ్చి ఆపుతారో చూస్తాను.

ఇట్లు,
వదిన


జూలై 20

వదినగారికి,

మీ ఉత్తరం మీ చెల్లికి చదివి వినిపించాను. అది లేచి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

అన్నయ్య చెప్పి ఉండాల్సింది. మీరు ఇంకోలా అడిగి ఉండాల్సింది. నేను ఎవరి తరఫున మాట్లాడాలో నాకే తెలియడం లేదు. కానీ మీరు రాసింది నిజమైతే, ఆ గదిలో నేను తలుపు తీసి నిలబడింది దేని ముందు? అన్నయ్య సుఖపడ్డాడనుకున్న ఒక్క చోటు కూడా నాకు మిగలలేదు. మీరే ఊహించి రాసి ఉండొచ్చు. అలా అనుకోవాలని ఉంది.

మంచం కోయించినందుకు మాత్రం నేను మిమ్మల్ని క్షమించను. పెద్దవారు కాబట్టి ఇంతకంటే రాయలేను.

శనివారం వస్తున్నాను. ఆ పెట్టెలు విప్పించి హాల్లో పెట్టిస్తాను. మీరు హాల్లో చూసుకోండి, ఎంత సౌండైనా పెట్టుకోండి, నేను అడ్డుచెప్పను. ఆ గది మాత్రం వదిలేయండి. కోళ్లు నాకిచ్చేయండి, నేను తీసుకుపోతాను. స్పానరూ, స్క్రూడ్రైవరూ నేనే తెచ్చుకుంటున్నాను.

మీ మరిది


ఆగస్టు 2

స్క్రూడ్రైవరు మర్చిపోయి వెళ్లిన మరిదికి వదిన రాస్తున్నది.

నీ సామాను నా దగ్గర భద్రంగా ఉంది. సంచీలోంచి తీయనే లేదు నువ్వు. ఇంటికి వెళ్లాక చెల్లికి ఏం చెప్పావో తెలియదు కానీ, "మా ఆయన ఏమీ మాట్లాడటం లేదక్కా, ఏం చేశారు?" అని ఫోన్ చేసింది. జరిగింది నీకు సగమే తెలుసు. మిగతా సగం నిద్రపోయావు. అందుకని రాస్తున్నాను.

ముటముటలాడే మొహంతో వచ్చావు. చెప్పులు విప్పావు. కోళ్ల మీద చెయ్యి వేసి, తల అవతలికి తిప్పుకున్నావు. నేను చూడలేదనుకున్నావు. తర్వాత, "విప్పేముందు అయిదు నిమిషాలు వింటాను, లేకపోతే వినకుండా కేసు రాశానంటారు" అని ఆయన కుర్చీలో కూర్చున్నావు. నేను నా సినిమా పెట్టాను.

పళ్లెం సీను దాకా మెలకువగానే ఉన్నావు. పళ్లెం పడింది చూశావా? ఎదురుగా ఖణేల్మని పడి, మన కుడిపక్కగా గిర్రున దొర్లుకుంటూ వెళ్లి, వెనక మూలన తిరిగి తిరిగి నిలబడింది. నువ్వు మెడ తిప్పి వెనక్కి చూశావు. ఆ తర్వాత ఆవిడ అన్న మాట కూడా విన్నావు. "నన్ను క్షమించండి" అంది! అంత పళ్లెం విసిరి, కళ్లల్లోకి సూటిగా చూసి, క్షమించమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా డైలాగే బాగుంది. మర్నాడు అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, "నువ్వు చెప్పిందే అసలు కథమ్మా, వాళ్లే తప్పు రాశారు" అంది. కడుపు నిండిపోయింది.

నా డైలాగే నయమని అప్పుడే నీకు చెబుదామని తిరిగి చూస్తే నీ తల పక్కకు వాలిపోయి ఉంది.

పెట్టెలు మోగుతున్నాయి. సినిమాలో పెళ్లి బాజాలు, గొడవలు, మూలన ఆ బరువు పెట్టె దడదడ. కోళ్లు కదల్లేదు, అదే ఇనుపవైతే జివ్వుమనేవే. నువ్వు నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. నిద్రపోయే మనిషిని చూడగానే నా చెయ్యి దానంతటదే రిమోట్ మీదికి పోయింది. నలభయ్యేళ్ల చెయ్యి అది, నా మాట వినదు. సౌండు తగ్గించేశాను.

నువ్వు ఉలిక్కిపడి లేచి కూర్చున్నావు. కళ్లు ఇంకా సరిగ్గా తెరుచుకోలేదు. "ఏది ఆగింది?" అన్నావు.

ఆ మాట అచ్చం ఆయన గొంతే. "ఏదీ ఆగలేదు, పడుకో" అన్నాను. సౌండు మళ్లీ పెంచాను, ఇందాకటికంటే ఎక్కువే పెంచాను. నువ్వు కుర్చీలో సర్దుకుని, ఒక్క నిట్టూర్పు విడిచి, గురక అందుకున్నావు. మరిదీ, ఆ గదిలో ఒక మనిషి నిజంగా నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

వంటింట్లో కుక్కర్ బుసబుసమంది. లేచాను. తలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. అది కూసింది. ఆగి మళ్లీ కూసింది. వీధంతా వినపడి ఉంటుంది. నేను గరిటె ముట్టుకోలేదు. నువ్వు కదల్లేదు. గోడకు ఆనుకుని నిలబడి, ఆ గదికీ ఈ వంటింటికీ మధ్య, చప్పుడంతటినీ చెవుల నిండా వింటూ ఏడ్చాను, నవ్వాను. ఆయన్ను తిట్టాను కూడా. సౌండులో ఎవరికీ వినపడలేదు.

సాయంత్రం లేచి, సిగ్గుపడి, టీ తాగి, కోళ్ల ఊసెత్తకుండా బండెక్కావు. నేనూ ఎత్తలేదు. అవి ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. నువ్వు తలుపు తీసి నిలబడే గది కూడా అక్కడే ఉంది. ఈసారి నిలబడకు, వచ్చి కూర్చో.

ఇంటికి వెళ్లాక నీకు నిద్ర సరిగ్గా పట్టడం లేదని, మిల్లు వాళ్లు వారంరోజులు మూసేశారని చెల్లి చెప్పింది. ఆలోచించకుండా బయల్దేరి రా. చప్పుడు నేను చేస్తాను.

ఇట్లు,
మీ వదిన